మంజీర మీద వేసిన నింద

నా దగ్గర ఒక అంకె ఉంది. చిన్న అంకె. ఇన్నేళ్లుగా దాన్ని మోస్తున్నాను. ఎన్నేళ్లో నాకు బాగా తెలుసు, లెక్కలు చేసి బతికినవాణ్ణి కదా. కానీ ఏళ్ల సంఖ్య రాస్తే అన్నాళ్లూ శిక్ష అనుభవించినట్టు కనిపిస్తుంది. నేను అనుభవించలేదు. వేళకు తిన్నాను, నిద్రపోయాను, పిల్లల్ని పెంచాను. బరువు మాత్రం దిగలేదు.

మీకు నా పేరు చెప్పను. కొంత సిగ్గు వల్ల. అసలు కారణం వేరే ఉంది, అది ఇంకాసేపటికి మీకే అర్థమవుతుంది.

నాది గోదావరి పక్క ఊరు. మిషన్ బడిలో నాలుగు తరగతులు చదివాను. మిగతా లెక్కలన్నీ నాకు నేనే నేర్చుకున్నాను. మేనమామ వెంట సికింద్రాబాదు వచ్చి నిజాం ప్రభుత్వపు ఆఫీసు ఒకదానిలో గుమాస్తాగా చేరాను. నదుల ఒడ్డున అడుగుల గీతలు గీసిన రాళ్లు పాతి ఉంటాయి, వాటిని గేజి అంటారు. పొద్దున్నే రేవు దగ్గరి మనిషి నీరు ఏ గీత దాకా ఉందో చూసి తారు, అంటే టెలిగ్రాం, కొట్టేవాడు. ఆ తార్లు మా ఆఫీసుకు వచ్చేవి. ఎగువన ఇంత పెరిగితే దిగువకు ఎప్పుడు ఎంత వస్తుందో చెప్పడం నా పని కాదు, చదువుకున్న ఇంజనీర్ల పని. కానీ రోజూ ఆ అంకెలు చూసి చూసి నాకూ ఒక పద్ధతి పట్టుబడింది. ఇంజనీర్ల అంచనాకంటే గొప్పదేం కాదు. చాలాసార్లు దరిదాపుల్లోకి వచ్చేది, కొన్నిసార్లు ఘోరంగా తప్పేది. తప్పిన సంగతులు నేను ఇంట్లో చెప్పేవాణ్ణి కాదు. దాంతో మా కాంపౌండులో నా లెక్క తప్పదని పేరు వచ్చింది. ఆ పేరు నాకు ఇష్టంగా ఉండేది. ఇదీ ఒప్పుకోవలసిన సంగతే.

సీతాఫల్‌మండిలో మా కాంపౌండు. వరసగా మూడు గదులు, వెనక బావి. ఒక చివరి గదిలో నేనూ నా భార్యా. రెండో చివర దస్తగిరి అన్న. మధ్య గది ఖాళీ.

దస్తగిరి అన్న దూదేకుల మనిషి. పరుపులు, బొంతలు కుట్టి కార్ఖానా వైపు దుకాణాలకు వేసేవాడు. దూది ఏకే విల్లు మోగుతుంటేనే మాకు తెల్లవారేది. పెళ్లి కాలేదు. మంజీర ఒడ్డున పుట్టాడు. ఆ నది గురించి మాట్లాడటం మొదలుపెడితే చేతిలో పని ఆగిపోయేది. ఎండాకాలం ఇసుకలో చెలమ తవ్వితే ఊరే నీళ్ల తీపి, ఇసుకలో పండే పుచ్చకాయలు, చెల్లెల్ని భుజాల మీద కూర్చోబెట్టుకొని రేవు దాటడం, అన్నీ చెప్పేవాడు. నేను మా గోదావరి వెడల్పు ఎంతో చెప్పి ఆయన నోరు మూయించాలని చూసేవాణ్ణి.

“పెద్దదే గానీ తమ్మీ, మా మంజీర ఆడికొచ్చి కలుస్తదా లేదా? మేం కాళ్లు కడిగిన నీళ్లే మీ అత్తగారింట్ల తాగుతరు,” అనేవాడు.

నా భార్య పడీపడీ నవ్వేది.

రజాకార్ల రోజుల్లో ఆఫీసు నుంచి ఒంటరిగా రావాలంటే నాకు జంకుగా ఉండేది. అన్న పనిగట్టుకొని ఎదురొచ్చి నా పక్కన నడిచేవాడు. ఈ సంగతి ఇక్కడ రాయకుండా దాటేద్దామనుకున్నాను. రాయకపోతే మిగతాది కాస్త తేలికగా కనిపించేది. అందుకే రాస్తున్నాను.

పోలీస్ యాక్షన్ అయింది. మా రోడ్డు మీద సైన్యం లారీలు పోతుంటే జనం గుమిగూడి చూశారు. సికింద్రాబాదులో మాకేమీ కాలేదు. జిల్లాల నుంచి మాత్రం కబుర్లు వచ్చేవి. ఒకటి నిజమో కాదో తేలకముందే ఇంకొకటి. రజాకార్లతో ఏ సంబంధమూ లేని ముస్లిం ఇళ్లు కూడా ఊళ్లలో భయపడుతున్నాయని అన్నారు. అన్న చెల్లెలు సైదమ్మ, ఆమె భర్త ఇమామ్, చంటిపిల్ల మున్నీ మంజీర అవతలి ఒడ్డున ఉండేవాళ్లు. ఇమామ్‌కు ఒక చెలక, రెండు ఎడ్లు. అంతకు మించి ఏ గొడవా లేని మనిషి. అన్న వాళ్లకు మనిషి చేత కబురు పంపాడు: నేను బండి తీసుకొని ఈవలి ఒడ్డుకు వస్తాను, నేను కనబడేదాకా మీరు నది దిగవద్దు అని. ఆ రోజుల్లో తెలిసిన మనిషి లేకుండా ఈవలి ఒడ్డున అడుగుపెడితే ఎవరు ఆపుతారో, ఏమడుగుతారో తెలియదు. ఆ కబురులో తప్పేమీ లేదు.

తర్వాత నా దగ్గరికి వచ్చాడు. ఆదివారం, నేను చర్చి గుడి నుంచి వచ్చి బావి దగ్గర కాళ్లు కడుక్కుంటున్నాను. ఆ మాటలు నాకు ఇప్పటికీ వరసగా గుర్తున్నాయి.

“తమ్మీ, జెర చెప్పు. మంజీర దిగిందా?”

“ఎందుకన్నా?”

“సైదమ్మోళ్లను తోల్కరావాలె. బండి మాట్లాడిన. ఇమామ్ సుత వస్తడు. ఊర్ల హాలత్ మంచిగ లేదంట.”

“వచ్చాక ఎక్కడుంటారు?”

“ఎక్కడుంటరేంది? నడిమి అర్ర ఖాళీనే ఉన్నది గద. మాలక్‌ను అడుగుత, కాదంటడా?”

నేను చెంబు కింద పెట్టాను. నిన్న పొద్దుటి తారు నేనే చూశాను. ఆ రేవు గేజి మీద రెండడుగులు. ఎగువన వాన లేదు. ఎడ్లబండి నిశ్చింతగా దాటుతుంది. మనిషికి మోకాలి లోతు.

“దిగలేదన్నా,” అన్నాను. “తొమ్మిదడుగులుంది. పైన వానలు పడ్డాయి, ఇంకా వస్తుంది. ఒక వారం ఆగాలి.”

“తొమ్మిదా! ఎడ్లు మునుగుతయ్ గద. పోయి జెర చూసొస్తే?”

“చూడటానికేముంది? బండి మీద రెండు రోజుల దారి. నువ్వు పోయేసరికి ఇంకా పెరుగుతుంది.”

ఆయన తల గోక్కున్నాడు. “ఇంకోడు చెప్తే నమ్మకపోదు. నువ్వు చెప్పినవ్, ఆగుత తీ,” అన్నాడు.

అంతే. ఇంత చిన్న సంభాషణ. బండి వద్దని చెప్పడానికి ఆయన అప్పుడే వెళ్లిపోయాడు.

ఎందుకు చెప్పాను? ఇక్కడే నాకు దారి తెలియదు. భయం అనుకోవచ్చు. జిల్లా నుంచి వచ్చిన మగమనిషి ఒకడు మా కాంపౌండులో దాక్కున్నాడని ఎవరైనా అంటే, ఆఫీసులో కొత్త అధికారులు పాత ఉద్యోగుల్ని ఒక్కొక్కరినీ పిలిచి విచారిస్తున్న రోజుల్లో నా సంగతి ఏమయ్యేది? ఇది నిజమైన భయమే. కానీ భయం అని రాస్తే నాకు కాస్త మర్యాద దక్కుతుంది. ఇంకొకటి ఉంది. నా భార్యకు నెలలు నిండుతున్నాయి. మా గదిలో ఇద్దరికే ఇరుకు. మధ్య గది కూడా మాకు కావాలని నెల మొదట్లోనే నేను ఇంటాయనతో మాట వేసి ఉంచాను, అన్నకు చెప్పలేదు. ఆయన “నడిమి అర్ర” అన్నప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది అధికారులా, గదా? ఎన్నిసార్లు తవ్వుకున్నా తేలదు. ఒక్కటి మాత్రం తేలింది. నేను లెక్క వేసి తప్పు చెప్పలేదు. లెక్క వేయకముందే జవాబు వచ్చేసింది. నా జీవితంలో అలా జరగడం అదొక్కసారే.

వారం కోసం ఎదురు చూశాం. ఎదురు చూశాం అంటున్నాను, చూడండి, నేనూ వాళ్లతో కలిసి చూసినట్టు! ఆ వారంలోనే నేను మధ్య గదిలోకి కొంత సామాను మార్చాను. అన్నే పెట్టెకు ఒక పక్క చెయ్యి వేశాడు. “పురుడొచ్చే ఇల్లు, మీకే కావాలె. సైదమ్మోళ్లు నా అర్రల పంటరు,” అన్నాడు. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. గది నాకు వచ్చేసింది, ఇక అబద్ధంతో పని లేదు. అన్నా, నీళ్లు దిగాయట, బయలుదేరు అంటే సరిపోయేది. ఒక రోజులో తొమ్మిది నుంచి రెండుకు ఎలా దిగిందని అడుగుతాడేమోనని ఆగాను. నా లెక్క మీద ఆయనకున్న నమ్మకం పోతుందేమోనని ఆగాను. ఒక మనిషి ప్రాణం కంటే నా లెక్కకున్న పేరు ముఖ్యమైపోయిందా? అప్పుడు ప్రాణం సంగతి నాకు తెలియదు. తెలియదనడం కూడా పూర్తి నిజం కాదు. ఊర్ల హాలత్ మంచిగ లేదని ఆయన చెప్పాడు కదా.

వారం తిరిగేలోపు ఎగువన నిజంగానే వానలు పడ్డాయి. మంజీర లేచింది. తారు చేతిలో పట్టుకొని నేను సంతోషించాను. అవును, సంతోషించాను. నేను చెప్పిన అంకె ఆలస్యంగానైనా వచ్చిందని. నది నాకోసం సాక్ష్యం చెప్పిందని.

ఆ మధ్య రోజుల్లోనే ఒక పొద్దున చెలకకు వెళ్లిన ఇమామ్ ఇంటికి రాలేదు. ఎవరు తీసుకెళ్లారో, ఎటు తీసుకెళ్లారో ఊళ్లో ఒక్కరూ నోరు విప్పలేదు. ఎడ్లు వాటంతటవే ఇల్లు చేరాయి. నీళ్లు తగ్గాక సైదమ్మ పిల్లనెత్తుకొని పుట్టిలో నది దాటింది. ఈవలి ఒడ్డున బండితో అన్న నిలబడి ఉన్నాడు. దారంతా ఆమె అన్నతో ఒక్క మాటా మాట్లాడలేదని ఆయనే తర్వాత నాతో చెప్పాడు.

ఆమె వచ్చి అన్న గదిలో దూది మూటల మధ్య పడుకుంది. నుసికి దగ్గేది. మేము మధ్య గదిలో, ఒక గోడ ఇవతల. ఆమె వచ్చిందని ఏ అధికారీ అడగలేదు, ఏ పోలీసూ రాలేదు. నేను భయపడినదేదీ జరగలేదు.

గోడ పలచన. అన్నాచెల్లెళ్లు నెమ్మదిగా మాట్లాడుకున్నా వినిపించేది.

“నువ్వు రాలే. మోకాళ్ల మట్టుకే నీళ్లుండె. రోజూ రేవుకాడ కూసున్నం, నేనూ ఆయనా.”

“పైనుంచి వస్తుండెనే. నీకెర్కలే. తమ్మి లెక్క గట్టి చెప్పిండు.”

“నీళ్లు మా కండ్ల ముంగటుండె. ఆ తమ్మి కండ్లకు ఈడికెల్లి కనబడ్డయా? భయపడ్డ అను. భయపడి రాలే అను, ఇడుస్త.”

ఆయన ఎన్నడూ ఆ మాట అనలేదు. భయపడలేదు కాబట్టి. ఆమె వదలలేదు. చూసింది కాబట్టి. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఆ రెండు నిజాలూ కలవకుండా మధ్యలో నేను పడుకొని ఉన్నాను.

ఏళ్లు గడిచాయి. హైదరాబాదు స్టేట్ పోయింది, కొత్త రాష్ట్రం వచ్చింది. నా ఉద్యోగం నిలిచింది. మున్నీకి లెక్కలు నేనే నేర్పాను. ఎగువకూ దిగువకూ పడవలు నడిపే లెక్కలు ఆ పిల్ల ఇట్టే చేసేది. ఏదో ఒక రోజు వాళ్ల నాన్న లెక్క కూడా చేస్తుందేమోనని నాకు గుబులుగా ఉండేది. చేయలేదు. పెళ్లి చేసుకొని వెళ్లిపోయింది. గుడిలో ప్రతి ఆదివారం అందరం ఒక్క గొంతుతో క్షమాపణ అడుగుతాం. అంతమందిలో నా గొంతు నాకే వినపడదు. అది మేలో కీడో ఇప్పటికీ తెలియదు.

దస్తగిరి అన్న మళ్లీ మంజీర పేరెత్తలేదు. చెలమల్లేవు, పుచ్చకాయల్లేవు. ఊరికి పోలేదు. ఎవరైనా ఆ నది మాట తెస్తే, “అది మంచి నది గాదు,” అని లేచిపోయేవాడు. నేను ఎదురుగా కూర్చుని వినేవాణ్ణి. ఒక నది మీద నింద పడితే ఎవరికి నష్టం, దానికి చెవులున్నాయా అని నాకు నేను చెప్పుకునేవాణ్ణి. అది నిజం కాదు. ఆయనకు చిన్నతనం అంటే ఆ నదే. దాన్ని నేను ఆయన నోట్లోంచి తీసేశాను.

అప్పుడు మంజీరే మా ఇంటికి వచ్చింది. గొట్టాల్లో. జంటనగరాలకు ఆ నది నీళ్లు తెచ్చారు, మా కాంపౌండులో కూడా నల్లా పెట్టారు. ఇంటాయన కొబ్బరికాయ కొట్టాడు. నీళ్లు ముందు ఎర్రగా, తర్వాత తేటగా వచ్చాయి. ఆడవాళ్లంతా బిందెలు పెట్టారు. అన్న దూరం నుంచి చూసి, తన బకెట్ తీసుకొని బావి దగ్గరికి నడిచాడు.

మొన్నటిదాకా అంతే. సైదమ్మ నల్లా నీళ్లు పట్టి, ఆయన ఎదురుగానే గటగటా తాగేది. ఒక చెంబు ఆయన ముందు పెట్టేది. “తాగు, నీ దుష్మన్ నీళ్లు,” అనేది. ఆయన ముట్టేవాడు కాదు. ఆ నీళ్లు తాగితే నది తప్పు లేదని ఒప్పుకున్నట్టు. నది తప్పు లేకపోతే తప్పు తనదే అయినట్టు. ఆ చెంబు పెట్టడంలో ఆమె అడిగేదీ అదే.

బావి పక్కనే మురికి కాలువ పడి ఆ నీళ్లు పాడయ్యాయి. అన్నకు కడుపులో నొప్పి పట్టుకుంది. మనిషి సగమయ్యాడు. మారేడ్‌పల్లి డాక్టరు బావి నీళ్లు మానకపోతే తాను చేసేదేమీ లేదన్నాడు. “సచ్చినా దాని నీళ్లు తాగ,” అన్నాడు అన్న. ఊరికే అనలేదు.

అందుకే మొన్న చెప్పాను. పొద్దున్నే ఆయన తాడు భుజాన వేసుకొని బావి వైపు వెళుతుంటే అడ్డం నిలబడ్డాను. సైదమ్మ నల్లా దగ్గర కూర్చుని గిన్నెలు తోముతోంది. ఎన్నో విధాలుగా సిద్ధం చేసుకున్న మాటల్లో ఒక్కటీ రాలేదు.

“అన్నా, ఆ రోజు గేజి మీద రెండడుగులే ఉంది. నేను తొమ్మిది అని చెప్పాను. కావాలని చెప్పాను.”

ఆయన నా ముఖంలోకి చూశాడు. తర్వాత నవ్వాడు. చాలా రోజుల తర్వాత ఆ నవ్వు.

“ఏం తమ్మీ, నాకు నల్లా నీళ్లు తాపనీకి గింత అబద్ధమా? డాక్టర్ చెప్పమన్నడా, గీమె చెప్పమన్నదా? రెండట! నీ లెక్క ఎన్నడన్న తప్పిందా?”

“తప్పలేదన్నా. అబద్ధం చెప్పాను.”

“ఊకో. నా గురించి నువ్వెందుకు బద్నాం అయితవ్?” అని నా భుజం తట్టి పక్కనుంచి వెళ్లిపోయాడు.

సైదమ్మ చెయ్యి గిన్నె మీద ఆగిపోయింది. నల్లా పారుతూనే ఉంది. ఆమె తలెత్తి నన్ను చూసింది. రేవు దగ్గర కూర్చుని ఆ మోకాలి లోతు నీళ్లను చూసిన కళ్లు అవి. ఆమెకు నా మాట మీద అనుమానం అక్కర్లేదు. ఏమైనా అంటుందని నిలబడ్డాను. అనాలని కోరుకున్నాను కూడా. ఆమె నల్లా కట్టేసి లేచింది. బావి దగ్గరికి వెళ్లి అన్న చేతిలోంచి తాడు లాక్కుంది. తనే నీళ్లు చేదింది. పొయ్యి మీద పెట్టి మరగనిచ్చి, గుడ్డతో వడగట్టి, ఆరాక ఆయనకు ఇచ్చింది. ఆయన వింతగా చూసి తాగాడు.

అప్పటి నుంచి రోజూ అలాగే చేస్తోంది. ఆయన ముందు నల్లా చెంబు పెట్టడం మానేసింది. దుష్మన్ అనే మాట వినబడటం లేదు. నాతో మాత్రం మాట్లాడదు. నేను ఎదురైతే కొంగు సర్దుకొని పక్కకు తప్పుకుంటుంది. అన్నకు చెప్పిందో లేదో తెలియదు. చెప్పలేదనే అనుకుంటాను, ఎందుకంటే ఆయన నిన్న కూడా, “తమ్మీ, వాన పడతదా ఇయ్యాల?” అని అడిగాడు. నేను తెలియదన్నాను. అలా అనడం నాకు కొత్త.

నేను ఆయన్ను క్షమించమని అడగనేలేదు, ఇది తర్వాత గమనించాను. అడిగితే ఎవరిని అడగాలి? నమ్మనివాణ్ణా, మాట్లాడనిదాన్నా, తిరిగిరానివాణ్ణా? నిజం చెప్పిన ఆ రాత్రి మాత్రం గోడ అవతల గొడవ లేదు. నేను మేలుకొని విన్నాను. దగ్గు ఒక్కటే వినిపించింది.

ఇప్పుడు పేరు ఎందుకు చెప్పలేదో మీకు అర్థమై ఉంటుంది. నా పేరు తెలిసినవాడు నా తప్పును నమ్మలేదు. మీరు నన్ను ఎరగరు. నా లెక్కలకున్న పేరూ ఎరగరు. అందుకని మీరైనా నమ్మండి. ఆ ఆదివారం మంజీర దారి విడిచే ఉంది. ఇద్దరు మనుషులు చంటిపిల్లతో ఒడ్డున కూర్చుని ఈ వైపు చూస్తున్నారు. నీళ్లు రెండడుగులు.

రెండు.

రాసేశాను.